చివరి పెట్టెకు టెర్మినేటర్ పెట్టిన ఖాదర్ బాషా

ఖాదర్ బాషా నిన్న ఉదయం ఎమ్మిగనూరులో కన్నుమూశారన్న వార్త కాసేపటికే ఆదోని బస్టాండులో తెలిసింది.  దుఃఖం కంటే ముందు అసహ్యం కమ్ముకొచ్చింది. అందులో సగం నా మీదే.

చాలా ఏళ్ల కిందట, రేడియోలు బాగుచేసుకునే ఆయన్ను ఆదోనిలోని మా పత్తి మిల్లు యాజమాన్యం కంప్యూటరు సంరక్షణకు నియమించింది. నేను అక్కడ ఆపరేటరును. ఎనిమిదో తరగతితో చదువు ఆగిన ఆ తపస్వి నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు మాన్యువల్‌ను అక్షరమక్షరం చదివారు. "ఒగ మాట తెలీకుంటే ముందుకు పోగూడదప్పా, ఆడనే కూసోవల్ల" అనేవారు.

ఒకసారి నగరం నుంచి వచ్చిన ఇంజనీరు, రైతుల పత్తి జాబితాలుండే డిస్కు ఉన్న కేబులునే పొడిగించి దాని కొసకు, నకళ్లు తీసే కొత్త టేపు డ్రైవు పెట్టె తగిలించి వెళ్లాడు. మర్నాటి నుంచి జాబితాలు చెడిపోసాగాయి. ఆలూరు రైతొకాయన తన పత్తి ఏ గోదాములో ఉందని అడిగితే తెర మీద ఆయన పేరే లేదు. "అయితే నేను పత్తి తేనే లేదంటావా సామీ?" అని ఆయన బల్ల మీదికి వంగి తెరంతా వెతికాడు. ఇంజనీరు మళ్లీ వచ్చి, డిస్కు పాడైంది, కొత్తది కొనమన్నాడు.

బాషా మాన్యువల్ తెరిచి చూపించారు. "సూడు సార్, కేబులుకు రెండు కొసల్లో సిగ్నలును ఆపే టెర్మినేటర్ ఉండల్ల, నడుమ ఉండగూడదు. కొసన అది లేకుంటే పోయిన సిగ్నలు గోడకు కొట్టిన బంతి మాదిరి ఎనక్కొస్తాది. కంప్యూటరు కార్డు కాడ ఒగటి ఉంది. రెండోది నడుమ డిస్కులోనే వదిలిపెట్టినావు, కొసనుండే టేపుకు పెట్టలేదు."

"రేడియోలు చేసుకునేవాడివి, నీకెందుకయ్యా ఇవన్నీ?" అని ఇంజనీరు వెకిలిగా నవ్వాడు. పక్కన మేనేజరూ నవ్వాడు.

వాళ్లిద్దరూ భోజనానికి వెళ్లగానే బాషా కరెంటు ఆపి, డిస్కులో టెర్మినేటర్‌గా ఉన్న చిన్న రెసిస్టర్ పట్టీలను ఊడదీసి టేపు డ్రైవులో గుచ్చారు. కాగితాలు చూసి జాబితాలన్నీ ఇద్దరం తిరిగి ఎక్కించాం. ఆ తర్వాత ఒక్క అక్షరం చెడలేదు. ఆ రైతు పత్తి ఆయనకు దక్కింది.

అర్హత లేని మనిషి విప్పడం వల్లే యంత్రం చెడిందనీ, తానే సరిచేశాననీ ఇంజనీరు నివేదిక రాశాడు. మేనేజరు నన్ను పిలిచి, "విప్పింది ఎవరప్పా?" అని అడిగాడు.

"బాషానే సార్" అన్నాను.

ఎందుకు విప్పారో చెప్పలేదు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. ఆ సాయంత్రమే ఆయన్ను తీసేశారు. ఇంజనీరు అబద్ధం, మేనేజరు సంతకం, నా మౌనం: వీటిలో ఏది ఎక్కువ నీచమో ఇప్పటికీ తేల్చుకోలేను.

ఎమ్మిగనూరులో మళ్లీ రేడియోల అంగడి పెట్టుకున్న ఆయన దగ్గరికి క్షమాపణకు వెళ్లాను. నోరు తెరవనివ్వలేదు. "ఎండన పడి వచ్చినావు, ముందు అన్నం తినప్పా" అన్నారు. తిని, క్షమాపణ చెప్పకుండానే వచ్చేశాను.

నిన్న మధ్యాహ్నం మిల్లులో సంతాప సభ పెట్టి, "ఆయన మా కుటుంబ సభ్యుడు" అని అదే మేనేజరు కళ్లు తుడుచుకున్నాడు.  లేచి, జరిగిందంతా జరిగినట్టు చెప్పాను.  నేను చెప్పింది నిజం. బాషా బతికుండగా చెప్పవలసిన నిజం. ఆ మహామనీషి పాదాలకు నమస్కరించే అర్హత కూడా నాకు లేదు. అయినా నమస్కరిస్తున్నాను.