ఆకుపచ్చ అతుకున్న శాలువా

దయ్యాల మీద నాకు ఎన్నడూ నమ్మకం లేదు. దయ్యాలకు నా మీద ఉన్నదో లేదో తెలియదు. కరీంనగర్‌లో ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. జీవం ఉన్నవాటి గురించి చెప్పడానికే పీరియడు సరిపోదు, ఇక జీవం లేనివాటి జోలికి ఎక్కడ పోయేది? నేను పోలే, అవి రాలే.

ఇప్పుడు చెప్పబోయేదాంట్లో కూడా దయ్యం లేదు. ఒక శాలువా ఉన్నది. చదివి నవ్వుకుంటే నవ్వుకోండి. అందరికంటే ముందు నవ్వింది నేనే, అందరికంటే ముందు నవ్వు ఆపింది కూడా నేనే.

ముందుగాల శాలువాల సంగతి చెప్పాలె. నాకు మైకు ముందర నిలబడే అలవాటున్నది. ఉద్యోగ విరమణలు, వార్షికోత్సవాలు, పుస్తకావిష్కరణలు, ఏది జరిగినా "సార్, జర వచ్చి నడిపించుండ్రి" అని పిలుస్తరు. పోయి నడిపిస్త. చివర్లో ఒక శాలువా కప్పుతరు. మా దిక్కు వేదిక ఎక్కిన మనిషి శాలువా లేకుండ దిగితే అది అవమానం కింద లెక్క. ఒకసారి ఫ్యాను రిపేరుకు స్టేజీ ఎక్కినాయనకు కూడా పొరపాటున కప్పిండ్రు. ఆయన వద్దనలేదు.

సన్మానం శాలువా చిత్రమైన బట్ట. కప్పుకుంటే చలి ఆగదు, పరుచుకుంటే గుచ్చుకుంటది, తుడిస్తే నీళ్లు పీల్చదు. హాలు బయట కప్పుకొని నడిస్తే కుక్కలు వెంటపడతయి. ఫొటోలో మెరవడం వరకే దాని ఉద్యోగం. మా బీరువాలో కింది అరలన్నీ అవే. తలుపు తీస్తే జారి కాళ్ల మీద పడతయి, ఆశీర్వాదం కోసం వచ్చినట్టు. "నీకు సన్మానం, నాకు సామాను" అని నా భార్య సుజాత ఎప్పుడూ అనే మాట.

ఒక చలికాలం ఆమె పట్టు పట్టింది. ఆదిలాబాద్ చలి గురించి టీవీలో చూసిందట. "ఆడేమో మనుషులకు కప్పుకోను గతి లేదు, ఈడేమో మన బీరువా ఇన్ని శాలువాలు కప్పుకొని పండుకున్నది" అన్నది. బీరువా తలుపు నేనే తీసిన.

కానీ ఈ శాలువాలు చలికి ఆగవు గదా. ఉపాయం హమీద్ భాయ్ చెప్పిండు. మా గల్లీ చివర మిషన్ పెట్టుకున్న దర్జీ ఆయన. ప్రతి చలికాలం వాడలో వాడని బట్టలు పోగు చేసి, చినిగినవి కుట్టి, ఆదిలాబాద్ వైపు పంచి వస్తడు. "మెరిసేది పైకి, మెత్తది లోపటికి సార్. పాత నూలు చీర అస్తరు వేస్తే దుప్పటైతది" అన్నడు. సుజాత తన పాత నూలు చీరలు తీసి ఇచ్చింది. ఒక్కో శాలువాకు ఒక్కో చీర.

అందులో ఒక శాలువా గురించి వివరంగా చెప్పాలె, గొడవంతా దాంతోనే కాబట్టి. ముదురు ఎరుపు, జరీ అంచు. ఒక సభలో దీన్ని మొదట్లోనే కప్పిండ్రు. జ్యోతి ప్రజ్వలన గురించి మైకులో చెప్తూ చెప్తూ దీపం మీదికి వంగి, నన్ను నేనే ప్రజ్వలన చేసుకోబోయిన. మనిషి బతికిండు గానీ శాలువా అంచు కాలి రూపాయి బిళ్లంత బొక్క పడ్డది. సుజాత దానికి చిలకపచ్చ జాకెట్టు ముక్క అతుకేసింది. ఎరుపు మీద పచ్చ ఏందని అడిగితే, "దీపం దగ్గరికి పోయినప్పుడు సిగ్నల్ లెక్క పనికొస్తది" అన్నది. లోపటి అస్తరు మా పెండ్లైన కొత్తలో కొన్న నీలం చీర, దాని మీద తెల్ల నందివర్ధనం పూలు. దారం అయిపోయిందని హమీద్ భాయ్ ఒక పక్క నల్ల దారంతో, ఇంకో పక్క పసుపు దారంతో కుట్టిండు. అటువంటిది ప్రపంచంలో ఇంకొకటి ఉండే వీలు లేదు. ఉండాల్సిన అవసరం అంతకన్న లేదు.

జనవరిలో ఒక ఆదివారం మూట కారులో వేసుకొని ముగ్గురం ఆదిలాబాద్ పోయినం. దవాఖాన దగ్గర కొన్ని పంచి, బస్టాండ్‌కు వచ్చినం. అక్కడ ఉడకబెట్టిన పల్లికాయ అమ్మే ముసలామె ఒకామె గోనెసంచి భుజాల మీద వేసుకొని కూసున్నది. పేరు భూమవ్వ. పచ్చ అతుకు శాలువా ఆమెకు వచ్చింది.

ఇయ్యడమంటే చేతికి ఇస్తే అయిపోతది. అది నాకు చేతనైతే గదా! అలవాటు కొద్దీ రెండు చేతులతో విప్పి, భుజాల చుట్టూ కప్పి, కొసలు సర్ది, దండం పెట్టి, ఫొటో కోసం పక్కకు తిరిగి నిలబడ్డ. బస్సు కోసం చూస్తున్నోళ్లు చప్పట్లు కొట్టిండ్రు.

"ఇగ నేనేం జెయ్యాలె బిడ్డా?" అని అడిగింది భూమవ్వ.

"రెండు మాటలు మాట్లాడాలె అవ్వా" అన్నడు హమీద్ భాయ్.

"పల్లికాయ వేడిగున్నది, తీస్కోండ్రి" అన్నది ఆమె. నేను విన్న సన్మాన ప్రసంగాల్లో అంత మంచిది లేదు. అంత చిన్నది అసలే లేదు.

మేము కదిలేటప్పుడు ఆమె సుజాత చెయ్యి పట్టుకున్నది. పోయిన చలికాలం తన పక్కన కూసునే ఒకామె పొద్దుగాల లేవలేదట. "రాత్రి మంచిగనే ముచ్చట పెట్టింది. తెల్లారి పలుకలే. గీసారి నా వంతేమో అనుకున్న" అన్నది, చింతపండు ధర పెరిగిందని చెప్పినట్టు. తిరుగు తొవ్వంతా సుజాత కిటికీలోంచి బయటికే చూసుకుంట కూసున్నది.

కొన్ని వారాలకు జమ్మికుంటలో ఒక బడి వార్షికోత్సవం ఉంటే నడిపించడానికి పోయిన. పగటి పూట, షామియానా కింద, నిండు సభ. చివర్లో నిర్వాహకుడు రాజయ్య సార్ ప్లాస్టిక్ కవరు చింపి శాలువా తీసిండు. చింపిన చప్పుడు మైకులో గూడ వినబడ్డది. నా భుజాల మీద కప్పిండు. తల వంచి దండం పెట్టబోతే, నా గదవ కింద పచ్చగా ఏదో కనబడ్డది.

కొస తిప్పి చూసిన. నీలం చీర. నందివర్ధనాలు. ఒక పక్క నల్ల దారం, ఒక పక్క పసుపు దారం.

మైకు ముందర నాకు మాట పడిపోవడం అదే మొదలు. నోరు తెరిస్తే గాలి వచ్చింది. భయానికి కండ్లల్లో నీళ్లు తిరిగినయి. సభ మొత్తం లేచి చప్పట్లు కొట్టింది. "ఇన్ని శాలువాలు చూసిన మనిషి, అయినా ఎట్ల కరిగిపోయిండో చూడు" అని ముందు వరుసలో ఒకాయన పక్కాయనతో అన్నడు.

రాజయ్య సార్‌ను పక్కకు పిలిచి, ఇది ఎక్కడిదని అడిగిన. ఆయన అతుకు చూసి, నేను తప్పు పడుతున్న అనుకొని పరేషాన్ అయిండు. "కొత్త కట్ట తెచ్చినం సార్. మిగతాయన్ని మంచిగనే ఉన్నయి, మీకే గిట్లాంటిది వచ్చింది. నారాజ్ కాకుండ్రి" అని అక్కడికక్కడే ఇంకోటి కప్పిండు. దుకాణం కూడా అడిగి తెలుసుకొని పోయిన. దుకాణపాయన ఒక్క చూపు చూసి, "అస్తరేసినవి మా తాన దొరకయి సార్" అని వాపస్ ఇచ్చిండు. అడిగిన పాపానికి రెండు శాలువాలతో ఇల్లు చేరిన.

ఇంటి దగ్గర సుజాత పచ్చ అతుకును గోటితో గీరి చూసి, "కుట్టు నాదే" అన్నది. ఆ తర్వాత పొయ్యి మీద పాలు పొంగినా లేచి పోలేదు. మా ఇంట్లో శాలువా రావడం కన్న అదే ఎక్కువ వింత.

హమీద్ భాయ్‌ను పిలిపించినం. అటు తిప్పి ఇటు తిప్పి, కండ్లద్దాలు తుడుచుకొని మళ్ల చూసిండు. "టాంకా తో మేరాచ్ హై సార్" అన్నడు. కుట్టు ఆయనదే. కానీ రెండోది కుట్టలేదు. కుట్టుదామన్నా రెండో చీర లేదు.

సైన్స్ సారును కదా, కారణాలు వెతికిన. భూమవ్వ అమ్ముకున్నదా? అమ్ముకుంటే అమ్ముకోనీ, ఆమె వస్తువు. ఎవడన్న ఎత్తుకపోయి దుకాణంలో కలిపిండా? కలిపితే పొగ వాసన, మురికి ఉండాలె. ఇది కొత్త గంజి వాసన వస్తున్నది. మూడో కారణం ముగ్గురికీ తట్టింది, ఎవ్వరం పైకి అనలేదు. మా దిక్కు చనిపోయిన మనిషి మీది బట్ట ఇంట్లో ఉంచరు. ఎవరికన్న ఇస్తరు, లేదంటే వాగులో ఇడుస్తరు.

చివరికి సుజాతనే అన్నది. "ఆమె కప్పుకుంటలేదు కాబట్టే గిది తిరిగొచ్చింది."

చలి ఇంకా తగ్గలేదు. ఆ ఆదివారమే మళ్ల బయలుదేరినం. నేను నడుపుతున్న, సుజాత నా పక్కన, హమీద్ భాయ్ వెనక. ఆయన పక్క సీట్లో శాలువా. దానికి సీటంతా వదిలిపెట్టి ఆయన తలుపుకు అతుక్కొని కూసున్నడు, ఎవరో పెద్దమనిషిని తీసుకపోతున్నట్టు. గుంతలో బండి ఎగిరినప్పుడు శాలువా కొస ఆయన మోకాలి మీద పడ్డది. "సార్, జర ఆహిస్తా, మెల్లగ" అన్నడు. ఆ మాట నాతో అన్నడో, దాంతో అన్నడో తెలియలేదు.

బస్టాండ్‌లో భూమవ్వ కూసునే జాగ ఖాళీగా ఉన్నది. పొయ్యి లేదు, గంప లేదు. ఊడ్చి నీళ్లు చల్లినట్టున్నది. సుజాత నా మోచెయ్యి గట్టిగ పట్టుకున్నది. హమీద్ భాయ్ పోయి చాయ్ అమ్మేటాయనను అడిగిండు.

"పల్లికాయ భూమవ్వనా? గా ఎనుక దిక్కు ఎండకు కూసున్నది" అన్నడు ఆయన. "ఈమధ్య మస్తు షోకు చేస్తున్నది సార్, మెరుపుల శాలువా కప్పుకొని. పిడికెడు కొసరు అడిగితే, సన్మానమైన మనిషిని గట్ల అడుగద్దంటున్నది."

ముగ్గురం ఉరికినం. గోడ పక్కన, ఎండలో, భూమవ్వ ఉన్నది. ఒంటి మీద ఎర్ర శాలువా. దాని అంచుకు పచ్చ అతుకు.

"మళ్ల వచ్చినవా? చప్పట్లు కొట్టిస్తవా ఏంది?" అన్నది. సుజాత ఆమె పక్కన కింద కూలబడి, ఏడ్చుకుంటనో నవ్వుకుంటనో రెండు చేతులు పట్టుకున్నది.

తర్వాత రెండు శాలువాలను పక్కపక్కన పెట్టి చూసినం. అతుకు పక్కన అతుకు. అదే వంకర కుట్టు. అంచు దగ్గర ఒక నందివర్ధనం సగానికి తెగింది, రెండింటిలోనూ అదే పువ్వు, అక్కడే తెగింది. తేడా ఒక్కటే. ఆమె దానికి పొగ వాసన, పల్లికాయ వాసన. హమీద్ భాయ్ రెండు కుట్లూ తడిమి, వేడి గిన్నె ముట్టినట్టు వేళ్లు వెనక్కి తీసుకున్నడు.

భూమవ్వకు భయం భయంగా అంతా చెప్పిన. ఆమె విని, "మనిషిని పోలిన మనుషులుంటరంటరు. బట్టను పోలిన బట్టుంటే ఏం బోయింది?" అన్నది.

"ఇది మేము కుట్టనే లేదు అవ్వా."

"కుట్టకపోతే నీ చేతికెట్లొచ్చింది? ఉత్త ముచ్చట్లు పెట్టకు. గిది ఎవలకు దెచ్చినవ్?"

ఎవరి కోసమూ తీసుకురాలేదు. నిజం చెప్పాలంటే, తిరుగు తొవ్వలో గోదావరి దాటేటప్పుడు నీళ్లలో ఇడుద్దామని నేను లోపల అనుకుంటున్న.

"ఈమెకియ్యి" అని భూమవ్వ పక్కకు చూపించింది. జామకాయల గంప ముందర ఇంకొక ముసలామె, మోకాళ్లు గదవకు ఆనించి, పలుచని కొంగు చుట్టుకొని వణుకుతున్నది. "మొన్ననే వచ్చింది. మాట్లాడబోతే నోట్ల పండ్లు టకటక కొట్టుకుంటున్నయి. ఏం చెప్తున్నదో ఒక్క ముక్క తెలుస్తలేదు."

నేను ఎనుకాడిన. ఎక్కడినుంచి వచ్చిందో తెలియని బట్టను ఒక మనిషి మీద ఎట్ల కప్పేది? హమీద్ భాయ్ నా దిక్కు చూసిండు, నేను సుజాత దిక్కు చూసిన.

"కప్పితే ఏమన్న అయితదేమో అవ్వా" అన్న.

"కప్పకుంటే ఏమైతదో నాకు ఎరుకే" అన్నది భూమవ్వ.

సుజాత నా చేతిలోంచి శాలువా గుంజుకొని ఆమెకు కప్పింది. దండం లేదు, పక్కకు తిరిగి నిలబడుడు లేదు. బడికి పోయే పిల్లకు కట్టినట్టు కొసలు రెండూ మెడ కింద ముడి వేసింది. కాసేపటికి ఆమె పండ్ల చప్పుడు ఆగింది. ఎండకు, వెచ్చదనానికి అట్లనే గోడకు ఒరిగి కండ్లు మూసింది.

"పానమున్నదా చూడు" అన్నది సుజాత మెల్లగా. వంగి చూసిన. గురక వస్తున్నది.

ఇది విన్నోళ్లంతా ఏదో ఒక కారణం చెప్పిండ్రు. రెండు కుట్టి ఒకటి మరిచిపోయి ఉంటరన్నడు మా బడిలో లెక్కల సారు. ముగ్గురం ఒకేసారి, ఒకే సంగతి మరిచిపోతమా? లేని చీరను మరిచిపోయి ఎట్ల కోస్తం? పాఠంలో అమీబా ఒకటి రెండైతదని చెప్పేటప్పుడు మాత్రం ఈమధ్య గొంతు కొంచెం తగ్గిస్తున్న.

మరి ఫొటో ఏదని అందరూ అడుగుతరు. రెండూ చేతిలో ఉన్నప్పుడు ఆ గాబరాలో యాదికి రాలే. యాదికి వచ్చి ఫోను తీసేసరికి జామకాయలామె గాఢ నిద్రలో ఉన్నది. కుట్లు, అస్తరు కనబడాలంటే మెడ కింది ముడి విప్పాలె. నేను ఒక అడుగు ముందుకేసిన. భూమవ్వ మూతి మీద వేలు పెట్టి, పల్లికాయ గంటె నా దిక్కు లేపింది.

ఫోను జేబులో పెట్టుకొని, పల్లికాయ కొనుక్కొని, చప్పుడు కాకుండ కారెక్కినం.