గాజు గ్లాసులో తెల్లటి దారం

నిన్నటిదాకా నవనవలాడిన టమాటా మొక్క, ఈ ఉదయం ఒక్క ఆకైనా పండకుండానే వాడి వేలాడుతోంది. కాండం కోయగానే చేతికంటిన ఘాటు వాసన నన్ను నరసాపురంలోని మా పెరట్లోకి లాక్కుపోయింది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. మా టమాటాలు ఇలాగే ఒక్కొక్కటే వాడిపోతున్నాయి. నారు ఇచ్చింది పక్కింట్లో లేసులు అల్లే మంగమ్మత్త. "ఆవిడ కన్ను మంచిది కాదు" అంది మామ్మ. ఆవిడ మా మొక్కలవైపు చూసిన ప్రతిసారీ నేను గోడమీద బొగ్గుతో గీత గీశాను.

సంగతి తెలిసి మంగమ్మత్తే వచ్చింది. "నా కళ్ల సంగతి తర్వాత చూద్దాం గానండి, ముందు గ్లాసుడు నీళ్లు ఇప్పించండి" అంది. వాడిన మొక్క కాండం కోసి, నీళ్లలో ముంచి కదలకుండా పట్టుకుంది. కాసేపటికి కోసిన చోటునుంచి పాలలాంటి తెల్లటి దారం కిందికి జారింది.

"ఈ తెల్లగా కారేది రోగమేనండి, మట్టిలోంచి ఎక్కింది. నిరుడు మీ వంగమొక్కలు చచ్చింది ఇక్కడే కదా."

"మామ్మా, అత్త గ్లాసులో ఏదో కలిపింది. నేను చూశాను" అన్నాను. నేనేమీ చూడలేదు. అక్కడ చేరిన పెద్దవాళ్లలో ఒక్కరూ ఇంకో మొక్క కోసి చూడలేదు, ఎనిమిదేళ్లవాడి మాట మాత్రం పట్టుకున్నారు. అత్త గ్లాసు అరుగుమీద పెట్టి వెళ్లిపోయింది. మళ్లీ మా గడప తొక్కలేదు.

"ఎదురింటావిడ నిన్న ఈ మొక్కనే చూస్తూ నిలబడిందండి, మావయ్యగారూ" అంది మా కోడలు, ఇప్పుడు నా చేతిలోని కాండం చూసి. గాజు గ్లాసుతో నీళ్లు తెమ్మన్నాను. కాండం ముంచి పట్టుకున్నాను. తెల్లటి దారం నిదానంగా దిగింది.

"అందులో ఏం కలిపారండి?" అంది కోడలు అనుమానంగా.

"ఏమీ కలపలేదమ్మా" అన్నాను. "అప్పుడు మంగమ్మత్తా కలపలేదు."