గాలిబురుజు ఇంటికి వచ్చిన జపాన్ వాళ్లు

దుబాయ్‌లో పాత వర్తకుల ఇళ్లను ఎంత చక్కగా కాపాడుతున్నారో అని ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అలాంటి ఒక ఇంటిని అతిథులకు చూపించడానికి మేం చేసిన పని ఏ బోర్డు మీదా రాసి ఉండదు.

ఎనభైల మొదట్లో నేను జెబెల్ అలీలో డ్రైవర్ని. ఓడరేవు పనికి వచ్చిన జపాన్ ఇంజనీర్లను తిప్పేవాణ్ణి. వాళ్లలో పెద్దాయనది పాతకాలపు వర్తకుల ఊరు. కాలువ పక్కన తెల్లగోడల గిడ్డంగులు, చెక్క జాలీల ఇళ్లు ఉన్న ఫోటోలు చూపించి, ఇక్కడి వర్తకుల ఇల్లు కూడా ఒకటి చూడాలని అడిగాడు. మా ముదీర్, అంటే మేనేజరు, శుక్రవారం చూపిస్తానన్నాడు.

దుబాయ్ క్రీక్ అనే సముద్రపు పాయ ఒడ్డున అలాంటి ఇల్లొకటి మా కంపెనీ అద్దెకు తీసుకుంది. వర్తకులు కొత్త విల్లాలకు వెళ్లిపోయాక అందులో మా కరీంనగర్ వైపు వాళ్లను పన్నెండు మందిని కుక్కింది. మా అక్క భర్త, మా బావ, అందులో ఒకడు. మూడు రోజులుగా జ్వరంతో కాలిపోతున్నాడు. గాలిబురుజు కింది గదిలో పడుకోబెట్టాం. ఆ ఇంట్లో కాస్త గాలి దిగేది అక్కడొక్కచోటే.

ఇంట్లో ఒక్క మనిషి కూడా కనిపించకూడదని ముదీర్ హుకుం. ఒకరికి జ్వరమని చెప్పాను.

"ఛత్ పే భేజో. ఆధా ఘంటా, ఖలాస్," అన్నాడు. అందరినీ డాబా మీదికి పంపాలట, అరగంటలో అయిపోతుందట.

"గీ ఎండల నన్నెటు తీస్కపోతున్నవ్ బామ్మర్ది?" అన్నాడు బావ, మెట్ల మీద నా భుజానికి వేలాడుతూ.

"అరగంటే బావా," అన్నాను.

గిన్నెలు, పక్కబట్టలు, ఆరేసిన లుంగీలు అన్నీ దాచాం. వాకిట్లో విడిచిన పన్నెండు జతల చెప్పుల సంగతి మాత్రం ఒక్కడికీ తట్టలేదు. ఇంట్లో చెప్పులతో తిరిగే అలవాటు లేనివాళ్లం. అందరూ వట్టి కాళ్లతోనే పైకెక్కారు.

పెద్దాయన ఆ చెప్పులు చూసి ఆగిపోయాడు. బూట్లు విప్పి, మా చెప్పుల పక్కన వరసగా పెట్టి, ఖాళీ వాకిలికి వంగి దండం పెట్టి నిలబడ్డాడు. మిగతా ఇద్దరూ అలాగే చేశారు. ముదీర్ రమ్మంటే కదలరు. తమ ఊళ్లో ఇంటివాళ్లు పిలవందే గడప దాటరట.

"ఇక్కడెవరూ ఉండరు, ఇది స్టోర్ రూమ్," అన్నాడు ముదీర్.

పెద్దాయన నా వైపు తిరిగి, ఇంటివాళ్లెక్కడ అని అడిగాడు.

"నోబడీ సర్," అన్నాను.

నా పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, అంటే నన్ను పనికి రప్పించిన యజమాని దగ్గర ఉంది; ముదీర్ మాట కాదంటే ఉద్యోగం పోతుంది. అది నిజమే. అయినా ఆ మాట అన్న నోరు నాదే.

ఆయన నమ్మలేదు. అలాగే నిలబడ్డాడు. ఆ మర్యాదకు మొదట కళ్లు చెమర్చాయి, తర్వాత ఆయన మీదే కోపమొచ్చింది. స్వామీ, లోపలికొచ్చి చూసి పో, నీ మర్యాద మావాళ్ల నెత్తిన నిప్పులు పోస్తోంది! అరగంట దాటింది, గంట కావొచ్చింది. ఆ ఇంట్లో ఎన్నోసార్లు అన్నం తిన్నవాణ్ణి, "రండి" అని నేనన్నా సరిపోయేది. బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను. చివరికి వాళ్లు బూట్లు తొడుక్కొని, బయటి నుంచే బురుజును ఫోటో తీసుకొని కారెక్కారు.

వాళ్లను దింపి సాయంత్రం తిరిగొచ్చేసరికి బావను కిందికి దించారు. అరికాళ్లు బొబ్బలెక్కాయి. ఎవరో తడిగుడ్డ చుట్టారు.

"ఆ జపానాయన మా గురించి అడిగిండట గదా? చెప్పులు దాయలేదని తిట్టుకుంట ముదీర్ చెప్పిండు," అన్నాడు బావ.

"అడిగిండు బావా."

"నువ్వేమన్నవ్?"

బావ ముందు ఇంకో అబద్ధానికి నోరు రాలేదు.

"ఎవ్వరు లేరన్న."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. ఆయనకు చదువు రాదు. మా అక్కకు ఉత్తరాలు నేనే రాసిపెట్టేవాణ్ణి. బావ గోడ వైపు తిరిగి పడుకొని అన్నాడు:

"మీ అక్కకు గూడ గదే రాయి."