నిచ్చెన బావ, కొత్త లెన్సు

మా అక్క మొగుణ్ణి అందరూ నిచ్చెన అనే పిలుస్తారు. పెళ్ళి ఫొటోలు తీసేవాడికి ఆ పేరెందుకంటే, ఏ పెళ్ళికి వెళ్ళినా భుజాన ఒక మడత నిచ్చెన మోసుకెళ్ళేవాడు. దానెక్కి హాల్లో ఉన్నవాళ్ళందరినీ, చివర కుర్చీలు సర్దే మనిషితో సహా, ఒక్క ఫొటోలో ఇరికించేవాడు. ఆయన కెమెరా ముసలిది. పట్టుకునే చోట రబ్బరు ఊడిపోతే సైకిల్ ట్యూబు ముక్క అంటించుకున్నాడు. ఆ ఫొటోల్లో అందం పెద్దగా ఉండేది కాదు గానీ, ఎవరి మొహం వాళ్ళకి చక్కగా దొరికేది.

ఆల్బమ్‌లు తయారుచేసే పని నాది. స్టూడియో వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, పక్క వీధి స్టూడియో వాళ్ళ ఫొటోలు చూసి కుళ్ళుకునేదాన్ని. వాళ్ళ పెళ్ళికూతురు తళతళలాడుతూ ముందుకొస్తే వెనకంతా మెత్తగా కరిగిపోయేది. మా ఫొటోల్లోనో, పెళ్ళికూతురి చెవి పక్కనే ఫ్యాను, ఆ పక్కన ఆవులిస్తున్న పెద్దాయన.

"మంచి లెన్సు కొను బావా. సరుకు బాగోకపోతే ఎంత పనితనం ఉండి ఏం లాభం?" అని ఏడాది పాటు చెవినిల్లు కట్టుకుని పోరాను.

"వెనకాలవాళ్ళేం పాపం చేశారే? వాళ్ళూ బట్టలు ఇస్త్రీ చేసుకునే వచ్చారుగా!" అనేవాడు.

చివరికి నా పోరు పడలేక కొన్నాడు. ఆ వారమే వచ్చిన పెళ్ళికి నిచ్చెన తీసుకెళ్ళనివ్వలేదు నేను, ఇంత గొప్ప లెన్సు పెట్టుకుని నిచ్చెనెక్కితే నవ్వుతారని. ఫొటోలు చూసి ఎగిరి గంతేశాను. పెళ్ళికూతురి కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. బావ మాత్రం ఒక్కొక్కటే జరుపుకుంటూ పోయి, "బాగానే ఉన్నాయి," అని ఊరుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం ఆ పెళ్ళికూతురి మేనత్త స్టూడియోకి వచ్చింది. తల్లి లేని పిల్లని చంటిబిడ్డప్పటి నుంచీ పెంచింది ఆవిడే. పిల్ల మొగుడితో చాలా దూరం వెళ్ళిపోయిందట.

"మేమిద్దరం కలిసున్న ఫొటో ఒక్కటివ్వు బాబూ, మంచం పక్కన పెట్టుకుంటాను," అంది.

కుర్చీ వేసి, ఫొటోలు తెరిచాను. ఆవిడ అన్నిచోట్లా ఉంది. పిల్ల కొంగు సర్దుతూ, జడ సరిచేస్తూ, మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని, ఎప్పుడూ ఒకడుగు వెనకే. నలభై మూడు ఫొటోలు. ఒక్కదాంట్లోనూ మొహం లేదు. ఆకుపచ్చ చీర, దాని పైన అలుక్కుపోయిన మరక. అంతే.

మళ్ళీ మొదటి నుంచీ జరిపాను. బావ నా వెనకే నిలబడ్డాడు. తిట్టినా బాగుండేది.

"ఇప్పుడు మీకొకటి తీస్తానమ్మా, ఇలా కూర్చోండి," అన్నాడు చివరికి.

"పక్కన పిల్ల లేకుండా నా మొహం నాకెందుకు బాబూ?"

ఆవిడ కళ్ళజోడు కొంగుతో తుడుచుకుని, తెర మీదకి వంగి మళ్ళీ చూసింది. తర్వాత నావైపు తిరిగి మొహమాటంగా అడిగింది. "పిల్ల బాగానే పడింది, అన్నిట్లోనూ నేనే ఇలా అలికేసినట్టున్నానేం అమ్మాయ్? కదిలానా?"

నిజం చెప్పడానికి ఎంతసేపు? లెన్సు తీరే అంతండీ, వెనకున్నవాళ్ళని అలికేస్తుంది, పట్టుబట్టి కొనిపించింది నేనే, అంటే సరిపోయేది. కానీ నా నోట్లోంచి, "అవునండీ, కాస్త కదిలినట్టున్నారు," అని వచ్చేసింది.

బావ చటుక్కున నావైపు చూశాడు.

"అయ్యో! పొద్దున్నుంచీ నిలబడే ఉన్నానేమో, కాళ్ళు ఆగలేదు," అంది ఆవిడ. "ఇంత కష్టపడి తీస్తే మీ పని పాడుచేశాను. ఏమీ అనుకోకు బాబూ."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ జడ సరిచేస్తున్న ఫొటో మీద వేలు పెట్టి, "ఇదివ్వు బాబూ. నేనేనని నాకు తెలుస్తుందిగా," అంది. బావ దాన్ని ప్రింటు తీసి, రెండు అట్టల మధ్య పెట్టి, రెండు చేతులతో ఇచ్చాడు.

ఆవిడ ఇల్లు మా స్టూడియోకి రెండు వీధుల అవతలే. ఇంతవరకూ నేను వెళ్ళి చెప్పలేదు.