గంట తాడూ జిమ్ము తీగా

యాభై ఆరేళ్ల వయసులో జిమ్ములో చేరానని తెలిసి మా ఊళ్లో ముందు నవ్వారు, తరవాత కారణం అడిగారు. కారణం చెప్పాక ఇంకాస్త నవ్వారు. చర్చి గంట కొట్టడానికి ఎవరైనా జిమ్ముకి వెళ్తారా అని. నేను వెళ్లాను. వెళ్లి మంచిపని చేశానో, చేతులారా చెడగొట్టుకున్నానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మాది సామర్లకోటకి దగ్గర్లో చిన్న ఊరు. నేను హైస్కూల్లో గుమస్తాని. జన్మలో ఒక్క పాఠం చెప్పకపోయినా అందరూ మాస్టారూ అనే పిలుస్తారు, నేనూ పలికేస్తాను. ఆదివారాలు మా లూథరన్ చర్చిలో గంట కొట్టేవాణ్ణి. నన్నెవరూ నియమించలేదు. అంతకుముందు కొట్టే పెద్దాయనకి చూపు తగ్గి మెట్లు కనపడక మానేస్తే, ఆ వారం గుమ్మంలో ఊరికే నిలబడి ఉన్నానని తాడు నా చేతికిచ్చారు. పాతికేళ్లు అది నా చేతిలోనే ఉండిపోయింది. ఏడున్నరకి మొదటి గంట, ఎనిమిదిన్నరకి రెండో గంట. సంఘంలో నాకు ఇంకే పదవీ లేదు. ప్రార్థన చెయ్యమంటే మాటలు తడబడతాయి. పాట అందుకుంటే ముందు వరసలోవాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు. గంట ఒక్కటే నాది.

రెండేళ్ల కిందట ఒక పొద్దున్న చొక్కా తొడుక్కోబోతే కుడిచెయ్యి పైకి లేవలేదు. భుజం దాకా వచ్చి అక్కడ ఆగిపోయింది. బలవంతంగా లేపితే కళ్లమ్మట నీళ్లొచ్చాయి. కాకినాడలో డాక్టరు గారు చెయ్యి అటూ ఇటూ తిప్పి, నా గంట సంగతి విని, "ఇన్నేళ్లు అలా లాగితే భుజం ఊరుకుంటుందాండీ? కొన్నాళ్లు ఆపెయ్యండి" అన్నారు. ఆపేశాను. ఆపిన రెండు నెలలకి అన్నం ముద్ద నోటిదాకా తీసుకెళ్లడం కూడా కష్టమైంది. ఈసారి రాజమండ్రి వెళ్తే అక్కడి ఫిజియోథెరపీ ఆవిడ, "ఎవరాపమన్నారండీ మిమ్మల్ని? కదపకపోబట్టే ఇంతగా బిగుసుకుపోయింది" అని కోప్పడింది. గంట కొట్టడంవల్ల భుజం పాడైందా, మానడంవల్ల పాడైందా? ఇద్దరూ చదువుకున్నవాళ్లే. ఇద్దరి చీటీలూ జేబులో పెట్టుకుని బస్సులో సామర్లకోట దాకా ఆలోచిస్తూనే వచ్చాను.

ఈలోగా సంఘ పెద్దలు నామీద జాలిపడి చర్చి మీద ఒక స్పీకరు పెట్టించారు. లోపల పెట్టెలో గంట మోత రికార్డు చేసి ఉంటుంది, టైము పెడితే అదే మోగుతుంది. పాస్టరు గారు మా ఇంటికొచ్చి మరీ చెప్పారు. "మీ చెయ్యి బాగయ్యేదాకానేనండి. బాగవ్వగానే తాడు మీదే." ఆయన మాట మీద నాకు నమ్మకముంది. నా భయమల్లా ఆ పెట్టె మీదే. అది నిమిషం తేడా లేకుండా మోగుతోంది. నేనెప్పుడూ అంత కచ్చితంగా కొట్టలేదు. జనం దానికి అలవాటుపడిపోయేలోపు నా చెయ్యి లేవాలి. అంతకుమించి నాకింకేం అక్కర్లేదు.

ఎలా లేపాలన్నదాని మీద మాత్రం ఊరంతా తలో మాట. మా స్కూలు డ్రిల్లు మాస్టారు కాలవలో ఈత కొట్టమన్నాడు. పెద్దాపురంలో ఉండే మా బావమరిది ఫోనులో యోగా వీడియోలు పంపించాడు. ఫిజియో ఆవిడ గోడ మీద వేళ్లు పాకించమంది. మా ఆవిడ అన్నీ విని, "బట్టలు దండెం మీద మీరే ఆరెయ్యండి, చెయ్యి అదే లేస్తుంది" అంది. పోటీపెట్టినట్టు అన్నీ చేశాను. ఈత రెండో రోజు జలుబు తెచ్చిపెట్టింది. యోగా వీడియోలో అమ్మాయి చెయ్యి ఎటు వెళ్తోందో చూస్తుంటే నా చెయ్యి మర్చిపోయేవాణ్ణి. గోడ మీద వేళ్లు ఎంతదాకా పాకాయో మా ఆవిడ పెన్సిల్తో గీత పెట్టేది. వారమంతా చేసినా గీతలు ఒకదాని మీద ఒకటి పడేవి. బట్టలు ఆరెయ్యడం వల్ల మటుకు మా ఆవిడకి విశ్రాంతి దొరికింది. చివరికి ఆ డ్రిల్లు మాస్టారే విసుగెత్తి నన్ను సామర్లకోటలో జిమ్ముకి తీసుకెళ్లి అప్పజెప్పాడు.

స్వీట్ల కొట్టు పైన మేడ మీద జిమ్ము. కింద నేతి వాసన, పైన చెమట వాసన. ట్రైనరు నలభై దాటిన మనిషి, ఒకప్పుడు కబడ్డీ ఆడేవాడట. మొదటి రెండు నెలలూ చిన్న చిన్న బరువులతోనే చెయ్యి ఆడించాడు. చెయ్యి చెవిదాకా వచ్చాక ఒక మిషను ముందు కూర్చోబెట్టాడు. పైన అడ్డంగా ఒక కడ్డీ, దానికి ఇనుప తీగ, ఆ తీగ కొసన వెనకాల బరువులు. కడ్డీ పట్టుకుని కిందికి లాగాలి. చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. ఇది నాకు పాతికేళ్లుగా తెలిసిన పనే కదా! గట్టిగా లాగాను, లాగి వదిలేశాను. బరువులు దభీమని పడ్డాయి. జిమ్ములో ఉన్నవాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

"మాస్టారూ! వదిలెయ్యకూడదండి" అని ట్రైనరు పరిగెత్తుకొచ్చాడు. "లాగడం సగమేనండి. పైకి పోయేటప్పుడు ఆపుకుంటూ, ఆపుకుంటూ వదలాలి. అసలు కసరత్తంతా అందులోనే ఉందండి."

నేను అతనికి గంట గురించి చెప్పాను. గంట తాడు పట్టుకుని ఆపకూడదు. లాగితే గంట అటు ఊగుతుంది. చేతులు వదులు చేస్తే తాడు అరచేతుల్లోంచి జారుకుంటూ పైకి పోతుంది, గంట ఇటు ఊగుతుంది. అలా ఊగనిస్తేనే పూర్తి మోత వస్తుంది. ఆపావంటే గంట నోరు నొక్కేసినట్టే. అతను శ్రద్ధగా విని, "అది అక్కడండి, ఇక్కడ మాత్రం ఆపాలండి" అన్నాడు.

ఎన్ని బరువులు పడేశానో లెక్కలేదు. నేను ఆ మిషను ఎక్కితే పక్కనున్నవాళ్లు ముందే చెవులు మూసుకునేవారు. సిగ్గేసేది, కోపమొచ్చేది, మానేద్దామనిపించేది. ట్రైనరు నా వెనక నిలబడి, నా చేతుల మీద చేతులేసి, "పట్టుకోండి, పట్టుకోండి, పోనివ్వకండి" అంటూ నేర్పాడు. మూడు నెలలు పట్టింది. ఒకరోజు కడ్డీ చప్పుడు లేకుండా పైకి వెళ్లి ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ నెలలోనే ఒక పొద్దున్న బీరువా మీదున్న పెట్టెని కుడిచేత్తో అందుకున్నాను. అందుకున్నాక గానీ ఏ చెయ్యో గమనించలేదు. మా ఆవిణ్ణి పిలిచి మళ్లీ అందుకుని చూపించాను. నాకు ఏడుపొచ్చేసింది.

పాస్టరు గారు మాట మీద నిలబడ్డారు. ఆ ఆదివారం తనే వెళ్లి స్పీకరు పెట్టె ఆపేసి, తాడు తెచ్చి నా చేతిలో పెట్టి, దేవునికి స్తోత్రం అన్నారు. కొత్త చొక్కా వేసుకెళ్లాను. లాగాను. నా బలానికి నేనే ఆశ్చర్యపోయాను, పాతికేళ్లలో ఎన్నడూ అంత తేలిగ్గా లాగలేదు. పైన గంట ఖంగుమంది. తాడు పైకి పోబోయింది. నా చేతులు పోనివ్వలేదు.

పైన టక్కుమని ఒక చప్పుడు, అంతే. మళ్లీ లాగాను. ఖంగు, టక్కు. వదులు, వదులు అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. తెలుసు, వదలాలని తెలుసు. కానీ తాడు పైకి కదలడం మొదలవ్వగానే వేళ్లు వాటంతటవే బిగుసుకుంటున్నాయి. ఒకసారి బలవంతంగా చేతులు తెరిస్తే తాడు మొత్తం జారిపోయి కొస నా మొహానికి తగిలింది. మొదటి గంట ఎలాగో అయిందనిపించాను. రెండో గంటకి ఇంకా కంగారు. చొక్కా అంతా తడిసిపోయింది. లోపలికి వచ్చేవాళ్లు, "చెయ్యి బాగయిందన్నమాటండీ, చాలా సంతోషం" అన్నారు. మోత గురించి ఒక్కళ్లూ ఏమీ అనలేదు. అది మర్యాదో, వాళ్లకి తేడా తెలియకపోవడమో నాకర్థం కాలేదు.

మా ఆవిడ ఎప్పుడూ రెండో గంట విని బయల్దేరుతుంది, మొదటి పాటకి వచ్చి కూర్చుంటుంది. ఆ రోజు ప్రసంగం సగమయ్యాక వచ్చి వెనక బెంచీ మీద కూర్చుంది.

పాస్టరు గారు చెప్పే వాక్యం నాకు బుర్రకెక్కలేదు. జిమ్ము మానేస్తే భుజం మళ్లీ బిగుసుకుంటుంది, తాడు అందదు. వెళ్తే తాడు అందుతుంది, వదలడం రాదు. రెండిట్లో ఏది పోగొట్టుకోవాలో నాకు చెప్పేవాళ్లెవరు? కాకినాడ డాక్టరు గారినా అడగడం, రాజమండ్రి ఆవిణ్ణా?

ఇంటికి నడుస్తూ, ఎందుకింత ఆలస్యమైందని మా ఆవిణ్ణి అడిగాను. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

"బాగానే ఉన్నానండి. ఎప్పుడో తయారై గుమ్మంలోనే కూర్చున్నా. ఎవరో పిల్లలు తాడు పట్టుకుని ఆడుకుంటన్నారనుకున్నానండి" అంది. "మీరెప్పుడు మొదలెడతారా అని చూస్తన్నా."