పిల్లి తాగిన గంజి

మణవాళనగర్‌లో మా ఇంటి మేడమీద అద్దెకుంటున్న అమ్మాయి పెయింటు బకెట్లో కాకర తీగ పెంచుతోంది. పోయిన వారం బట్టలు ఆరేయడానికి పైకి వెళితే, చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి చిటికెన వేలంత పిందెను చూపించింది. నేనూ దాన్ని చూపించి మెచ్చుకున్నాను గాని, వేలు మడిచి, కణుపుతో చూపించాను. వేలికి దెబ్బ తగిలిందా ఆంటీ అని అడిగింది. పిందెకు వేలు చాచి చూపిస్తే కుళ్ళి రాలిపోతుందని మా వైపు ఒక నమ్మకం, అందుకని మడిచానన్నాను. "మీరు ఇవన్నీ నమ్ముతారా?" అంది. నమ్మను, ఒకప్పుడు స్వయంగా చేసి చూశాను, పని చెయ్యలేదు అని చెప్పాను. ఆ పిల్ల నవ్వింది. నేనేదో తమాషాకు అన్నాననుకుంది.

ఎనభైల మొదట్లో నేను కోడలిగా వెళ్ళిన ఇల్లు తిరుత్తణి దగ్గర ఒక నేతగాళ్ళ వీధిలో ఉండేది. మా పుట్టింట్లో మగ్గం లేదు. మా నాన్న తిరువళ్ళూరు వైపు ఫ్యాక్టరీ పనివాడు, మా ఆయనా అంతే, ఆరు గంటల రైలెక్కితే చీకటి పడ్డాకే తిరిగొచ్చేవాడు. ఇంట్లో మగ్గం మీద లుంగీలు నేసేది మా బావ, అంటే మా ఆయన అన్న. ఆయన భార్యను నేను అక్కా అని పిలిచేదాన్ని. ఈ అక్క నేతగాళ్ళ ఇంట్లోనే పుట్టింది. ఆవిడ నూలు కండెలు చుడుతుంటే రాట్నం కూడా వినయంగా తిరిగేది. నేను చుట్టిన కండెలు చూసి బావ పక్కన పెట్టేవాడు. పైగా అక్క నల్లటి జుట్టు మోకాళ్ళ దాకా ఉండేది, కోపం వచ్చేది కాదు, చేసిన మజ్జిగపులుసు ఎప్పుడూ విరిగేది కాదు. ఇలాంటి మనిషితో ఒకే కప్పు కింద బతకడం ఎంత కష్టమో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

మాది సంవత్సరాదిని రెండుసార్లు చేసుకునే ఇల్లు. ఉగాది మనది కాబట్టి చేసుకునేవాళ్ళం, తమిళుల సంవత్సరాది చిత్తిర మొదటి తేదీ, అది వీధంతా చేసుకుంటుంది కాబట్టి చేసుకునేవాళ్ళం. ఈ రెండోదానికి మా అత్త ఒక పద్ధతి పెట్టింది. ఆ రోజు కూర మా పెరటి పొట్లకాయతోనే కావాలి. ఏ కోడలి పాదులో తొలికాయ దిగిందో ఆ కోడలు పీట మీద కూర్చోవాలి, అత్త స్వయంగా వడ్డించాలి. మిగతా మూడువందల అరవై నాలుగు రోజులూ అందరూ తిన్నాక కోడళ్ళు గిన్నెల పక్కన కూర్చుని మిగిలింది తినేవాళ్ళు. అందుకే ఆ పీట మాకు సింహాసనం. నేను వెళ్ళిన రెండు వేసవుల్లోనూ దాని మీద అక్కే కూర్చుంది. రెండుసార్లూ ఆవిడకు నీళ్ళు ఇచ్చింది నేను.

పెరట్లో వంకాయలు, బెండకాయలు, దోసకాయలు అందరివీ. పొద్దున్నే, ఆకుల మీద ఇంకా చల్లదనం ఉండగానే, ఇద్దరం కలిసి కోసేవాళ్ళం. వంకాయ ముళ్ళు వేళ్ళలో దిగేవి, బెండ నూగుకు ముంజేతులు దురదపెట్టేవి. లేత దోసకాయను బట్టలుతికే రాతి మీద కూర్చుని చీరకొంగుకు తుడిచి, ఉప్పూ కారం అద్దుకుని అక్కడికక్కడే తినేవాళ్ళం. చేదు దోసకాయ ఎప్పుడూ నాకే వచ్చేది. అక్క వెంటనే తనది సగం విరిచి ఇచ్చేది. అది ఇంకా చేదుగా ఉండేది.

పొట్లపాదులు మాత్రం విడివిడి. బావి వైపు అక్కది, ఉతుకుడు రాయి వైపు నాది, పైన పందిరి ఒకటే. పొట్లకాయ వంకర పోకుండా దాని కొనకు చిన్న రాయి కట్టి వేలాడదీస్తారు. అక్క తన కాయలకు మగ్గం దగ్గర మిగిలిన ఎర్ర నూలుతో కట్టేది, నేను కొబ్బరిపీచుతో కట్టేదాన్ని. ఎవరి కాయ ఎవరిదో అలా తెలిసేది. మూడో వేసవిలో ఎర్ర నూలు కాయలు పదకొండు. కొబ్బరిపీచుకు నోచుకున్నవి మూడు, వాటిలో ఒకటి నా మీద నమ్మకం లేనట్టు పైకే వంగి చూస్తుండేది.

అప్పుడే ఒక మధ్యాహ్నం, అత్త వాకిట్లో పడుకుని ఉండగా, నేను పందిరి కిందికి వెళ్ళి ఎర్ర నూలు కాయలు పదకొండింటికీ వరసగా వేలు చాచి చూపించాను. తొందరపడలేదు, ఒక్కోదానికి ఒకటి రెండు మూడు లెక్కపెట్టి మరీ చూపించాను. వారం తిరిగేసరికి అవి మరో జానెడు సాగాయి. నా వేలికి ఎరువు గుణం ఉందని అప్పటిదాకా నాకు తెలియదు.

అక్క పాదు బలానికి కారణం గంజి అని నాకు మొదటి నుంచీ అనుమానం. పడుగుకు, అంటే మగ్గం ఎక్కబోయే పొడుగు పోగులకు, వీధిలో బారుగా చాపి గంజి పెట్టాలి. అది పెట్టే ముందురోజు అక్క పెద్ద కుండలో గంజి కాచేది. అందులో కొంత ఆవిడ పాదుకు వెళ్ళేది, నేసేవాడి భార్య కదా. నా మొగుడు నేసేది రైలు సీజన్ టిక్కెట్టు ఒక్కటే కాబట్టి నా పాదుకు అంట్లు కడిగిన నీళ్ళు. అలా గంజి కాచిన ఒక సాయంత్రం, అందరూ వీధిలో పడుగుకు కర్రలు పాతుతూ ఉండగా, నేను వెనక వసారాలోకి వెళ్ళి కుండలోంచి రెండు చెంబుల చిక్కటి గంజి ముంచి నా పాదుకు పోశాను. మనస్ఫూర్తిగా పోశాను. నా జీవితంలో చేసిన మొదటి దొంగతనం అది, చాలా పోషకమైన దొంగతనం అనుకున్నాను.

తెల్లారి బావ కుండ మూత తీశాడు.

"ఏందిది, గంజి ఇంత తగ్గిపోయుండాది? పిల్లి గానీ తాగినాదా?"

"తాగుంటే యాడో చచ్చి పడుంటాది, చూడు," అంది అక్క. "నిన్న సాయంత్రమే మైలుతుత్తం కలిపినా కదా."

మైలుతుత్తం అంటే నీలంగా ఉండే విషం. గంజికి బూజూ పురుగూ పట్టకుండా కలుపుతారు. అక్క తన పాదుకు పోసుకునేది అది కలపకముందు తేరిన పల్చటి తేట. ఈ సంగతి ఆ వీధిలో పాకే పిల్లలకు కూడా తెలుసు. మగ్గం లేని ఇంట్లో పుట్టిన నాకు తెలియదు.

బావ రెండు రోజులు చచ్చిన పిల్లి కోసం వెతికాడు. కట్టెల కింద చూశాడు, గోడ వెనక చూశాడు, పక్కింటివాళ్ళను అడిగాడు. నేనూ ఆయనతో పాటు వెతికాను, కాస్త ఎక్కువ శ్రద్ధగానే. మూడో రోజు పొద్దున నా పొట్లతీగ తల వాల్చింది. సాయంత్రానికి ఆకులు అప్పడాల్లా అయ్యాయి, మూడు కాయలూ వడిలిపోయి కొబ్బరిపీచుతో సహా వేలాడాయి. బావ తీగను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. తర్వాత పిల్లిని వెతకడం మానేశాడు.

ఎవరూ ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది, నేను ఏడ్చేదాన్ని, గొడవ అయ్యేది, కాస్త నా వైపు కూడా మాట ఉండేది. రాత్రి మా ఆయనతో చెప్పుకుంటే, "పొట్లకాయే కదమే, సంతలో తెస్తాలే" అన్నాడు. ఈ లోకంలో పీట విలువ తెలియని మనిషితో కాపురం చేస్తున్నానని అప్పుడు అర్థమైంది.

చిత్తిర మొదటి తేదీన అక్క చేతిలో మూరన్నర పొట్లకాయతో వంటింట్లోకి వచ్చింది. తెల్ల చారలతో, ఇంకా మంచు తడితో ఉంది. నేను నీళ్ళ చెంబు సిద్ధం చేసుకుంటున్నాను, అలవాటైన పని కదా.

"అత్తా, ఈ తూరి తొలికాయ చెల్లెలిది," అంది అక్క. "చూడు, కొబ్బరిపీచు కట్టుండాది."

నిజంగానే కొనకు కొబ్బరిపీచు కట్టి ఉంది. ముడి మాత్రం నేతగాళ్ళ ముడి, తెగిన పోగు అతికేటప్పుడు వేస్తారే, అది. పందిరి మీద పచ్చగా ఉన్న తీగ ఒక్కటేనని చూసేవాళ్ళందరికీ తెలుస్తూనే ఉంది. అత్త కాయను తిప్పి చూసింది, ముడిని చూసింది, తరగడానికి కూర్చుంది.

పీట వేశారు, కూర్చున్నాను. అత్త పెసరపప్పు వేసిన పొట్లకాయ కూటు వడ్డించింది, పైన కొబ్బరినూనె చుక్క. అక్క నీళ్ళు ఇచ్చింది. మూడేళ్ళు కలగన్న సింహాసనం అది, ముళ్ళున్న వంకాయ మీద కూర్చున్నట్టుంది. నేను అన్నంలో వేలు పెట్టి ఊరికే కెలుకుతుంటే అత్త వంగి, నాకు మాత్రమే వినిపించేలా అంది.

"తిను. పిల్లులకు కూడా ఒక పూట పెట్టల్ల కదా."

తిన్నాను. కూటు చాలా బాగుంది, అందుకు కూడా నాకు కోపం వచ్చింది. జుట్టు చూసి అసూయపడొచ్చు, పాదు చూసి అసూయపడొచ్చు, వాటికి ఏదో ఒకటి చెయ్యొచ్చు. మనిషి మంచితనం మీద గంజి పొయ్యలేం. అక్క నన్ను ఓడించడానికి ఇంకా ఎన్నో దారులుండగా ఇంత క్రూరమైనది ఎందుకు ఎంచుకుందో ఇప్పటికీ అడగలేదు.

అక్కకు ఇప్పుడు డెబ్భై దాటింది, జుట్టు పిడికెడు మిగిలింది, అందులో నాకు కాస్త ఊరట. నిన్న ఫోన్ చేసి, ఈ వేసవి పాదు బాగా కాసింది, పదహారు కాయలు దిగినాయి, పంపించేదా అని అడిగింది. వద్దులే అక్కా, ఇక్కడ అంగట్లో మంచివి దొరుకుతాయి అన్నాను. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే నా చూపుడు వేలు తిరుత్తణి వైపు చాచి ఉంది. నెమ్మదిగా మడిచాను. ఇన్నేళ్ళలో మా ఇద్దరి కళ్ళూ మోకాళ్ళూ వాడిపోయాయి, ఆ పందిరి కూడా ఎప్పుడో కూలిపోయింది, నా ఈర్ష్య ఒక్కటే పొద్దున్నే కోసినట్టు ఇంకా లేతగా ఉంది.