స్టాంపు వెనక వైపు

నాన్న సైన్యంలో అధికారి. స్టాంపులంటే పిచ్చి. ఆయన పోయాక, ఖరగ్‌పూర్ ఖరిదా పేటలోని మా ఇంట్లో ఆయన ట్రంకుపెట్టె తెరిచింది నేనే.

బదిలీ ఉత్తర్వులు, ప్రమోషన్ కాగితాలు, చివరికి మెస్సు బిల్లులు కూడా ట్యాగు గుచ్చి వరసగా ఉన్నాయి. ఏనాడో తిన్న ఆమ్లెట్టుకి రశీదుంది. అమ్మ ఉత్తరం ఒక్కటీ లేదు. ఆయన సరిహద్దులో ఉన్నన్నాళ్లూ అమ్మ ఈ ఊళ్లోనే తాతగారి రైల్వే క్వార్టర్లో నన్ను పెంచుతూ, వారం వారం ఇన్‌లాండ్ లెటర్ రాసేది.

ఉత్తరాలు ఆల్బంలో దొరికాయి. దొరికాయంటే, స్టాంపు మేరకు. ఇన్‌లాండ్ లెటర్ మీద స్టాంపు అచ్చయ్యే వస్తుంది. అది కావాలంటే కాగితాన్నే కత్తిరించాలి, అప్పుడు లోపలి రాత కూడా తెగిపోతుంది. బొమ్మ ఒకటే అయినా ఖరగ్‌పూర్ ముద్ర మీద తేదీ మారుతుంది కదా, అందుకని ఆయన అన్నీ కత్తిరించారు. పై అంచుకి మాత్రమే గమ్ము రాసి అతికించారు. ఒక్కో ముక్కా పైకెత్తి చూశాను. వెనక అమ్మ దస్తూరీ. ఒకదాని మీద ‘పాపకి జ్వరం త’. ఇంకోదాని మీద ‘పైకప్పు కారు’. మరోదాని మీద ‘ఎప్పుడొస్తా’.

ఆ పాపను నేనే. ఆల్బం తీసుకుని విసురుగా లేచాను.

అమ్మకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

“సదివి కోసినారో, కోసి సదివినారో” అంది.

“నువ్వెప్పుడూ అడగలేదా?”

“ఏటని అడగను? జవాబులో నీ జరం ఊసే ఉండీది కాదు. అందలేదేమో అనుకుని మళ్లీ రాసినాను.”

మళ్లీ రాసింది. ఆయనకి ఇంకో ముద్ర దొరికింది.

ఊళ్లో స్టాంపులు సేకరించేవాళ్ల సంఘం ఒకటుంది. హిజ్లీ దగ్గర ఒక హాల్లో ప్రదర్శన పెడుతున్నామని, నాన్న ఆల్బం కావాలని అందులోంచి ఒక బెంగాలీ దాదా వచ్చాడు. పేజీలు తిప్పుతూ ఎంత శ్రద్ధ, ఎంత శ్రద్ధ అని మురిసిపోయాడు. శ్రద్ధట. అమ్మను ముందు వరసలో కూర్చోబెడతామన్నాడు.

అతను వెళ్లాక అమ్మ రానని చెప్పేసింది. “ఆయన సోకు సూడ్డానికి నానెందుకు?”

పోయినవాళ్ల మీద పగేమిటని చర్చిలో నలుగురూ అంటారు. అననీ. ఆయన బతికుండగా ఈ ముక్కలు నా కంటబడి ఉంటే ఆయన మొహం మీదే అడిగేదాన్ని. ఆ అవకాశం కూడా నాకు మిగల్చలేదు.

ఆదివారం ప్రార్థన నుంచి రాగానే ఆల్బం ముందేసుకుని కూర్చున్నాను. అమ్మ ముక్కలన్నీ ఒక్కొక్కటే ఊడదీసి, బోర్లా తిప్పి, ఉన్నచోటే అతికించాను. అమ్మ పక్కన పీట వేసుకుని చూస్తూ కూర్చుంది.

“హాల్లో ఏ వైపు కనిపిస్తాదే?”

“నీ వైపే.”

అమ్మ కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది.

“అయితే నానూ వస్తాను” అంది.